ఇంటికి దన్నుగా నిలిచిన దుర్గాబాయి

నాచారం నుంచి విద్యానగర్ వెళ్ళాలంటే హబ్సిగూడ, తార్నాక దాటి యూనివర్సిటీ రోడ్డు పట్టుకోవాలి. ఆ దారిలో ఆంధ్ర మహిళా సభ, దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి బోర్డులు కనిపిస్తాయి. ఎన్నో ఏళ్ళుగా ఆ దారిన తిరుగుతున్నానేగానీ, చెప్పొద్దూ, ఆ పేరు నాకు దిగాల్సిన చోటుకి గుర్తు మాత్రమే. ఎవరావిడ, ఏం చేసింది అని ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆలోచించేలా చేసింది మా వీధి చివరి పోర్షన్లో అద్దెకుండే అమ్మాయి. భర్త పోయి ఏడాది దాటింది. ఇద్దరు పిల్లలు. ఒకడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఆరు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో రోజు కూలీ మీద ప్యాకింగ్ పని చేస్తుంది. పని దొరికిన రోజు దొరుకుతుంది, లేనిరోజు లేదు. అన్నీ కలిపినా నెలకి ఏడు వేలు దాటవు. పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తుంది. పిల్లల్ని ఎవరు చూస్తారు? చుట్టాలంతా కలిసి ఒక సలహా ఇచ్చారు. ఇద్దర్నీ ఏదైనా అనాథ పిల్లల హోంలో వేసేయమన్నారు. తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్ళే చూసుకుంటారు, నీ బతుకు నువ్వు బతకొచ్చు అని.

ఆ అమ్మాయి నన్ను అక్కా అంటుంది. ఒకరోజు తోడు రమ్మంటే ఆ హోం చూడ్డానికి ఇద్దరం బయల్దేరాం. తల్లి బతికుండగా పిల్లలు అనాథలెట్లా అవుతారక్కా అని బస్సులో అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పుడే బస్సు ఆ ఆసుపత్రి ముందు ఆగింది. ఈ దుర్గాబాయి ఎవరక్కా అని మళ్ళీ అడిగింది. స్వాతంత్ర్య సమరంలో పాల్గొన్నావిడ అని ఏదో చెప్పానుగానీ, అంతకుమించి నాకేమీ తెలియదని నాకే సిగ్గేసింది. ఇంటికొచ్చాక ఆవిడ జీవితం గురించి దొరికినవన్నీ చదివాను. చదువుతుంటే, ఆ అమ్మాయి వేసిన మొదటి ప్రశ్నకు జవాబు వెతకడానికే ఈవిడ జీవితంలో సగం ఖర్చుపెట్టిందా అనిపించింది.

ఎనిమిదేళ్ళకే పెళ్ళి

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఆ రోజుల్లో అందరు ఆడపిల్లల్లాగే ఆమెకీ ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెళ్ళంటే ఏమిటో తెలియని వయసు. కొంచెం పెద్దయ్యాక, ఊహ తెలిశాక, ఆ కాపురానికి తాను వెళ్ళలేనని తేల్చి చెప్పారు. దేశసేవ, చదువు, ఇదే తన దారి అన్నారు. ఆ భర్తను మరో పెళ్ళి చేసుకోమన్నారు.

ఈ మాట ఈ రోజుల్లో అనడమే కష్టం. నూరేళ్ళ కిందట అన్న పిల్ల ఏమైపోవాలి? ఊరు ఆడిపోసుకునేది, బంధువులు గుమ్మం తొక్కేవారు కాదు. కానీ దుర్గాబాయికి ఒక అదృష్టం ఉంది. తండ్రీ, తోడబుట్టినవాడూ ఆమె పక్కన నిలబడ్డారు. తప్పు చేశామని ఒప్పుకుని, బిడ్డను ఇంట్లోనే ఉంచుకున్నారు. ఆ ఒక్క దన్ను లేకపోతే ఈరోజు ఆ ఆసుపత్రి లేదు, ఆ బోర్డు మీద పేరూ లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా దీనిమీదే నడుస్తుంది.

టికెట్ అడిగిన పిల్ల

స్కూల్లో ఇంగ్లీషు మీడియం రుద్దుతున్నారని చదువు మానేసి, హిందీ నేర్చుకుని, ఆడవాళ్ళకోసం తనే ఒక హిందీ పాఠశాల పెట్టారు. అప్పటికి ఆమె కూడా పిల్లే. తన పాఠశాలలో తనకంటే పెద్దవాళ్ళకి పాఠం చెప్పేవారు.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. ఊళ్ళోని దేవదాసీ స్త్రీలు, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలు ఆయన్ని కలిసి తీరాలని పన్నెండేళ్ళు నిండని ఈ పిల్ల పట్టుబట్టింది. నలుగురిలోకి రానివ్వని ఆడవాళ్ళు వాళ్ళు. ముందుగా కొంత విరాళం పోగుచేసి ఇస్తేనే అన్నారు నాయకులు. ఆ డబ్బు ఆ స్త్రీలే పోగుచేసి ఇచ్చారు. సభ జరిగింది. గాంధీగారి హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి మార్చి చెప్పిందీ దుర్గాబాయే.

రెండేళ్ళకి, 1923లో, కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభలు. ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వలంటీరుగా నిలబెట్టారు ఆమెను. టికెట్ లేనిదే ఎవర్నీ పంపొద్దని ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, టికెట్ లేదు. ఆపేశారు. పెద్దలు కంగారుపడి టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలారు. నెహ్రూ కోపగించుకోలేదు సరిగదా, మెచ్చుకున్నారు. ఈ కథ చాలామందికి తెలుసు. తెలియాల్సిన కథలు ఇంకా ముందున్నాయి.

జైలు నేర్పిన పాఠం

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో దిగి అరెస్టయ్యారు. ఆ తర్వాత మూడేళ్ళలో మళ్ళీ మళ్ళీ జైలుకెళ్ళారు. మధుర జైల్లో ఒంటరి గదిలో ఉంచారు. ఆరోగ్యం దెబ్బతింది. కానీ ఆ జైల్లోనే ఆమె మామూలు నేరస్తులుగా వచ్చిన ఆడవాళ్ళను దగ్గరగా చూశారు. చాలామందికి అక్షరం ముక్క రాదు. తమమీద రాసిన నేరమేమిటో, కోర్టులో ఎవరేం మాట్లాడారో తెలియదు. తరఫున మాట్లాడే దిక్కు లేదు.

బయటికొచ్చాక, రాజకీయాలకంటే ముందు చదువు అనుకున్నారు. ఇరవై దాటాక ఏబీసీడీల దగ్గర మొదలుపెట్టి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్యాసయ్యారు, ఇంటర్ ప్యాసయ్యారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే, ఆడపిల్లలకి హాస్టలు లేదు కాబట్టి సీటు లేదన్నారు. అయితే హాస్టలు ఉంటే సీటిస్తారన్నమాటే కదా అని, తనలాంటి అమ్మాయిల్ని వెతికి పట్టుకుని, వాళ్ళతో కలిసి హాస్టలు నడిపించి, సీటు సంపాదించారు. రాజనీతిశాస్త్రంలో బీఏ ఆనర్స్ చేశారు. 1942లో మద్రాసులో లా పట్టా తీసుకుని క్రిమినల్ లాయరుగా ప్రాక్టీసు పెట్టారు.

ఈలోపే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. చదువు మధ్యలో ఆగిపోయిన తెలుగు ఆడపిల్లల్నీ, భర్త వదిలేసినవాళ్ళనీ, భర్త పోయినవాళ్ళనీ కూర్చోబెట్టి మెట్రిక్‌కి తయారుచేయడం, కుట్టుపని, చేతిపనులు, నర్సింగ్ నేర్పడం. చూడ్డానికి చిన్న పనే. కానీ చేతికి పని, నాలుగు అక్షరాలు వచ్చాయంటే ఆ ఆడమనిషి తన పిల్లల్ని తన దగ్గరే పెట్టుకోగలదు. అసలు కిటుకు అదే.

సవతిని చేరదీసిన మనిషి

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది దీనివల్లే.

ఎనిమిదేళ్ళప్పుడు దుర్గాబాయిని పెళ్ళాడిన ఆయన 1941లో చనిపోయారు. ఆయన రెండో భార్యకి అత్తింట్లో ఆదరణ కరువైంది. ఆ రోజుల్లో ఆ పరిస్థితిలో ఉన్న ఆడమనిషికి దారేది? ఆమె నేరుగా ఆంధ్ర మహిళా సభకి, అంటే దుర్గాబాయి దగ్గరికే వచ్చింది. లోకం లెక్కలో వీళ్ళిద్దరూ సవతులు. దుర్గాబాయి ఆ లెక్క చూడలేదు. నీడ ఇచ్చి, చేతిపని నేర్పించి, తన కాళ్ళమీద నిలబడేలా చేశారు. ఆమె తర్వాత మన హైదరాబాదులోనే చేతిపనుల శిక్షణ సంస్థలో టీచరుగా ఉద్యోగం చేసుకుంది.

ఆలోచించండి. జాలిపడి రెండుపూటలా అన్నం పెట్టి ఊరుకోవచ్చు. అలా చేస్తే ఆమె జీవితాంతం ఒకరి పంచన ఉండేది. పని నేర్పితే ఆమే పదిమందికి నేర్పింది. దానానికీ దన్నుకీ తేడా ఇదీ.

ఢిల్లీ దాకా ఇదే మాట

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు దుర్గాబాయి. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక మహిళ ఆమె. ఆడపిల్లలకి ఆస్తిహక్కు కోసం గట్టిగా వాదించారు. 1952 ఎన్నికల్లో మాత్రం ఓడిపోయారు. ఇంకొకరైతే ఇంట్లో కూర్చునేవారు. ఆమెను ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా తీసుకున్నారు. సాంఘిక సేవల విభాగం ఆమె చేతికొచ్చింది.

1953 జనవరిలో అప్పటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ని రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. సాక్షి సంతకం పెట్టిన ముగ్గురిలో నెహ్రూ ఒకరు. టికెట్ కథ గుర్తొచ్చిందా?

అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. మొదటి చైర్మన్ దుర్గాబాయి. స్వచ్ఛంద సంస్థలకి సాయం చేయడానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయించారు. అప్పటిదాకా అనాథలు, వితంతువులు, వికలాంగులు అంటే పుణ్యం చేసేవాళ్ళ దయ. ఇచ్చినవాడు ఇస్తాడు, లేనివాడు పొమ్మంటాడు. కాదు, ఇది ప్రభుత్వం చేయాల్సిన పని, దీనికి బడ్జెట్లో డబ్బుండాలి, లెక్క ఉండాలి అని పట్టుబట్టినవాళ్ళలో ఆమె ముందున్నారు.

ఆ డబ్బుతో ఏం చేశారు? పల్లెల్లో సుమారు పాతిక ఊళ్ళకి ఒక ప్రాజెక్టు పెట్టారు. గ్రామసేవికలు ఇంటింటికీ తిరిగేవారు. బాలవాడీలు పెట్టి చిన్నపిల్లల్ని పగలంతా చూసుకునేవారు. బాలింతలకు సాయం, ఆడవాళ్ళకు అక్షరాలు, చేతిపని. పట్నాల్లో చాలీచాలని సంపాదన ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళకోసం అగ్గిపెట్టెల తయారీలాంటి చిన్న సహకార యూనిట్లు పెట్టించారు. 1958లో, చదువు మధ్యలో మానేసిన పెద్ద ఆడవాళ్ళని రెండేళ్ళలో మెట్రిక్ దాకా చదివించే కోర్సులు మొదలుపెట్టారు. మద్రాసు మహిళా సభలో చేసి చూసిన పనే దేశమంతా చేయించారన్నమాట. అలా చదివినవాళ్ళు నర్సులయ్యారు, టీచర్లయ్యారు, గ్రామసేవికలయ్యారు.

ఇవన్నీ విడివిడి పథకాల్లా కనిపిస్తాయిగానీ, కలిపి చూడండి. తల్లి పనికి పోతే బిడ్డను చూసే బాలవాడి. తల్లికి పని దొరికే చదువు. పని చేసుకునే చోటు. ఈ మూడూ ఉంటే బిడ్డను హోంలో వేయాల్సిన అవసరం ఎందుకొస్తుంది?

హోంలే వద్దని ఆమె అనలేదు. నిజంగా ఎవరూ లేనివాళ్ళకీ, సంస్థల నుంచి బయటికొచ్చి ఎటు పోవాలో తెలియనివాళ్ళకీ ఆశ్రయం ఉండాలని బోర్డు తరఫున కమిటీలు వేసి అధ్యయనం చేయించారు. మహిళా సభలోనే హాస్టళ్ళు నడిచాయి. కానీ అవి మనిషిని ఇంటికి దూరం చేయడానికి కాదు, తిరిగి నిలబెట్టడానికి.

ఇంటి తగువుకి వేరే కోర్టు

1953లో చైనా వెళ్ళినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూశారు. భార్యాభర్తల తగువులు, పిల్లలు ఎవరి దగ్గరుండాలన్న గొడవలు దొంగతనాల కేసుల మధ్య సంవత్సరాల తరబడి నానకూడదని ఆమెకు లాయరుగా ముందే తెలుసు. తిరిగొచ్చాక మనకీ అలాంటి కోర్టులు కావాలని నెహ్రూతోనూ, చాగ్లా, గజేంద్రగడ్కర్‌ల వంటి న్యాయమూర్తులతోనూ చర్చించారు. ఆ మాట చట్టమయ్యేసరికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. అది చూడ్డానికి ఆవిడ లేరు. 1981 మే 9న, 71 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

1958లో మహిళా విద్యపై వేసిన జాతీయ కమిటీకీ ఆమే అధ్యక్షురాలు. 1962లో ఢిల్లీలో కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్ స్థాపించారు. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. చివరి ఏళ్ళు భార్యాభర్తలిద్దరూ హైదరాబాదులోనే గడిపారు. 

మన వీధిలోకి వస్తే...

ఆమె పోయి నలభై ఏళ్ళు దాటింది. ఆమె పట్టుకున్న తీగ మాత్రం తెగలేదు. బాల న్యాయచట్టం 2015లో కొత్తగా వచ్చింది. పిల్లల్ని సంస్థలో పెట్టడమన్నది అన్ని దారులూ మూసుకుపోయాక చివరి దారి కావాలని ఆ చట్టం చెబుతోంది. కేవలం పేదరికం కారణంగా బిడ్డను తల్లిదండ్రుల నుంచి విడదీయకూడదని ఐక్యరాజ్య సమితి 2009లోనే మార్గదర్శకాలిచ్చింది.

ఫోస్టర్ కేర్ అనే మాట ఈమధ్య వింటున్నాం. ఇది దత్తత కాదు. సొంతవాళ్ళు చూసుకోలేని పరిస్థితిలో ఉన్న ఆరేళ్ళు దాటిన బిడ్డను, బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో, మరో కుటుంబం కొంతకాలం తన ఇంట్లో పెట్టుకుని పెంచడం. 2016లో కేంద్రం దీనికి నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. 2024లో వాటిని సవరించి, పెళ్ళికానివాళ్ళూ, భర్తను పోగొట్టుకున్నవాళ్ళూ, విడాకులు తీసుకున్నవాళ్ళూ కూడా పెంచుకోవచ్చని చెప్పింది. తల్లిదండ్రులు లేని పిల్లల్ని మేనత్తలు, అమ్మమ్మలు పెంచడం మనకి కొత్తేమీ కాదు. కొత్తదల్లా, ఆ పెంపకానికి ప్రభుత్వం దన్ను ఉండాలన్న మాట.

దీనికంటే ముందు మెట్టు స్పాన్సర్‌షిప్. బిడ్డ సొంత ఇంట్లోనే ఉంటుంది, ఇంటికే సాయం వస్తుంది. మిషన్ వాత్సల్య పథకంలో ఈ రెండింటికీ నెలకి 4,000 రూపాయలని పెట్టారు. భర్త పోయిన లేదా భర్త వదిలేసిన తల్లుల పిల్లలు, తల్లిదండ్రులు లేక అమ్మమ్మ తాతయ్యల్లాంటి బంధువుల దగ్గర పెరిగే పిల్లలు, తల్లిదండ్రులు ప్రాణాంతకమైన జబ్బుతో ఉన్న పిల్లలు స్పాన్సర్‌షిప్‌కి అర్హులు. ఇంటి ఆదాయం పట్నాల్లో ఏడాదికి 96,000, పల్లెల్లో 72,000 రూపాయలు దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో పెట్టుకోవాలి. ఉప్పల్, నాచారం వాళ్ళకి అది మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా. ఎక్కడికి పోవాలో తెలియకపోతే అంగన్‌వాడీ టీచర్ని అడగండి, లేదా 1098కి ఫోన్ చేయండి.

ఇదంతా తెలుసుకున్నాక ఆ అమ్మాయిని కూర్చోబెట్టి దుర్గాబాయి కథ చెప్పాను. సవతి సంగతి దగ్గరికొచ్చేసరికి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత కాయితాలు పోగుచేశాం. భర్త మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, ఆధార్, పిల్లల స్కూలు సర్టిఫికెట్లు. ఆదాయ పత్రం కోసమే మూడుసార్లు తిరిగాం. ఒక్కోసారి తిరిగితే ఒకరోజు కూలీ పోయినట్టే. అది పథకం రాసినవాళ్ళ లెక్కలోకి రాదు. దుర్గాబాయి ఉంటే ఈ సంగతి మీదే ఢిల్లీలో ఒక మీటింగు పెట్టించేవారేమో!

దరఖాస్తు ఇచ్చాం. డబ్బు ఇంకా రాలేదు. వస్తుందో లేదో ఖాయంగా చెప్పలేను. ఈలోపు మా వీధి ఆడవాళ్ళం నలుగురం ఒక ఏర్పాటు చేసుకున్నాం. స్కూలు వదిలాక పిల్లలిద్దరూ వంతులవారీగా మా ఇళ్ళల్లో ఉంటారు. హోంవర్కు ఒకరింట్లో, టిఫిను ఒకరింట్లో. రాత్రి ఎనిమిదింటికి అమ్మ వచ్చి తీసుకెళ్తుంది. చిన్నది ఆవిడ కొంగు పట్టుకుని గెంతుకుంటూ పోతుంటే, ఆ హోంలో వరసగా పరిచిన చాపలు గుర్తొస్తాయి నాకు.

ఇది శాశ్వతమైన ఏర్పాటు కాదు. వీధి చేయగలిగింది వీధి చేస్తుంది, ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వం చేయాలి. మీ వీధిలోనూ ఇలాంటి తల్లి ఒకరు ఉండే ఉంటారు. పిల్లల్ని ఎక్కడైనా వేసేయమ్మా అని సలహా ఇచ్చేముందు, ఆవిడ చేతిలో ఒక దరఖాస్తు ఫారం పెట్టండి. వెంట వెళ్ళడానికి ఒక పూట కేటాయించండి. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేసిన ఇల్లే తర్వాత తప్పు దిద్దుకుని ఒక ఆడపిల్ల పక్కన నిలబడింది. ఆ పిల్ల లక్షలమంది ఆడవాళ్ళ పక్కన నిలబడింది. మన వంతు ఒక్క ఇంటి పక్కన నిలబడటమే కదా!